ఒక్క ఓటు తేడా ఉన్నప్పుడు చెల్లని కాగితం: ఎన్నికల డ్యూటీ పడ్డవాళ్లకు

గోపాల్‌పేట మండలంలో మీరు టీచరైనా, పంచాయతీ కార్యదర్శైనా, ఇంకే ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తున్నా, ఎన్నికల డ్యూటీ ఎప్పుడో ఒకప్పుడు పడే తీరుతుంది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలైతే ఈవీఎం ఉంటుంది. బటన్ నొక్కాక ఆ ఓటు చెల్లుతుందా, చెల్లదా అన్న పేచీ రాదు. సర్పంచ్, వార్డు మెంబరు ఎన్నికల్లో ఇంకా కాగితమే. ముద్ర ఎక్కడ పడిందో, ఎన్ని పడ్డాయో, మడతలో ఎక్కడ అంటుకుందో చూసి ఎవరో ఒకరు తేల్చాలి. ఆ రోజు రాత్రి ఆ ఒకరు మనమే.

2019 జనవరిలో మూడు విడతలుగా, మళ్లీ 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో జరిగిన పంచాయతీ ఎన్నికల పని తీరు తెలిసిందే. ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా పోలింగ్, 2 గంటల నుంచి కౌంటింగ్, అదే రోజు ఫలితం, వెంటనే ఉపసర్పంచ్ ఎన్నిక. ముందు రోజు పొద్దున డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో సామాను తీసుకుని బయల్దేరిన మనిషి, బడిలో నేల మీద పడుకుని, తెల్లవారుజామున లేచి, పగలంతా క్యూను సర్ది, ఆ అలసటతోనే సాయంత్రం కట్టలు లెక్కపెట్టాలి. గేటు బయట రెండు వర్గాల జనం. లోపల బల్ల అవతల ఏజెంట్లు. వార్డుకు వందో, నూట యాభయ్యో ఓట్లుండే తండాల్లో, చిన్న పల్లెల్లో గెలుపు రెండు మూడు ఓట్లతో తేలడం మామూలే. అలాంటి చోట చెల్లని ఓట్లు నాలుగైదు వచ్చాయంటే మెజారిటీ కన్నా అవే ఎక్కువ. గొడవ మొదలయ్యేది అక్కడే.

కౌంటింగ్ హాల్లో కూర్చునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే. సందేహం ఉన్న కాగితాల సంగతి అభ్యర్థుల మధ్య తేడా ఎవరికీ తెలియకముందే తేల్చండి. కట్టలు కట్టి, టోటల్ వేసి, తేడా మూడు ఓట్లని తెలిశాక పక్కన పెట్టిన ఏడు కాగితాలు బయటకు తీస్తే ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఒక్కో కాగితం మీద గెలిచేవాడు ఒక మాట, ఓడేవాడు ఒక మాట. మీరు ఎంత న్యాయంగా చెప్పినా ఎవరికోసమో చెప్పినట్టే కనిపిస్తుంది. అదే ఏడు కాగితాలను టోటల్‌కు ముందు ఏజెంట్లందరికీ చూపించి, ఒకే కొలతతో తేల్చి ఉంటే, ఏ కాగితం ఎవరిని గెలిపిస్తుందో మీకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. మీకు రక్షణ అదే.

చదువుకున్నవాళ్ల ఓట్లు చెల్లకుండా పోవన్న భ్రమ కొందరికి ఉంటుంది. మన జిల్లాలు పాల్గొన్న ఎన్నికలే చూడండి. 2021 మార్చిలో మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి 93 మంది పోటీపడ్డారు. బ్యాలెట్ దినపత్రిక అంత ఉంది, పెట్టెలు కూడా జంబో పెట్టెలు తెప్పించాల్సి వచ్చింది. పోలైన 3,58,348 ఓట్లలో 21,309 చెల్లలేదు. ఓటేసినవాళ్లంతా డిగ్రీ చదివినవాళ్లు. మొదటి ప్రాధాన్య ఓట్లలో సురభి వాణీదేవికి 1,12,689, ఎన్.రామచందర్‌రావుకు 1,04,668 వచ్చాయి. అంటే ఇద్దరి మధ్య తేడా 8,021. చెల్లని ఓట్లు దానికి రెండింతలకు మించి ఉన్నాయి. మన వనపర్తి మాజీ ఎమ్మెల్యే జి.చిన్నారెడ్డి కూడా ఆ పోటీలో ఉన్నారు. ఎవరికీ గెలుపుకు కావాల్సిన కోటా రాకపోవడంతో ఒక్కొక్కరినీ తొలగిస్తూ, రెండో ప్రాధాన్యాలు పంచుతూ కౌంటింగ్ రోజుల తరబడి సాగింది. 2025లో మన జిల్లాల బయట, మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ పట్టభద్రుల ఎన్నికలోనూ ఇదే కథ. 28 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. మొదటి ప్రాధాన్యంలో మొదటి ఇద్దరి తేడా 5 వేల చిల్లర.

ఇంకా దగ్గరి లెక్క 2024 మార్చి 28న జరిగిన మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఉపఎన్నిక. అందులో ఓటర్లు ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు. వాళ్లు స్వయంగా ఎన్నికల్లో పోటీచేసి, ఇంటింటికీ తిరిగి ఓటెలా వెయ్యాలో జనానికి చెప్పినవాళ్లు. పోలైన 1,437 ఓట్లలో 21 చెల్లలేదు. జూన్ 2న లెక్కిస్తే ఎన్.నవీన్‌కుమార్ రెడ్డికి 762, మన్నె జీవన్‌రెడ్డికి 653, స్వతంత్ర అభ్యర్థికి 1 వచ్చాయి. తేడా 109 కాబట్టి ఆ 21 కాగితాల గురించి ఎవరూ మాట్లాడలేదు. తేడా పదిహేనే అయివుంటే ఆ 21 కాగితాల్లో ఒక్కొక్కటీ కోర్టు దాకా వెళ్లేది. కాగితాలు అవే, తప్పులూ అవే. కాబట్టి తేడా ఎంతొస్తుందో చూసుకుని జాగ్రత్తపడదాం అనుకోవద్దు. ప్రతి ఎన్నికా ఒక్క ఓటుతోనే తేలుతుందనుకుని పని చెయ్యండి. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం, అదీ కాగితం బ్యాలెట్ల రోజుల్లో, 9 ఓట్ల తేడాతో తేలింది. లక్షల ఓట్ల లెక్క అది.

ఎమ్మెల్సీ ఓట్లు ఎందుకు పోతాయో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మీలో చాలామంది ఓటర్లు కూడా. అక్కడ స్వస్తిక్ ముద్ర ఉండదు. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే అంకె వెయ్యాలి. సొంత పెన్ను వాడారా, ఆ ఓటు పోయింది. 1 అంకె కచ్చితంగా ఉండాలి, అది ఒక్కరికే ఉండాలి. టిక్కు కొట్టినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, సంతకం పెట్టినా, పేరు రాసినా చెల్లదు. 1 తర్వాత 2 వదిలేసి 3 వేస్తే మొదటి ప్రాధాన్యం చెల్లుతుంది, అక్కడితో ఆగిపోతుంది. సంతకం అలవాటైన చెయ్యి చివర్లో సంతకం పెట్టేస్తుంది. ఉద్యోగుల ఓట్లు ఎక్కువగా ఇలాగే పోతాయి.

పంచాయతీ ఎన్నికలకు వద్దాం. ఓటరుకు రెండు కాగితాలు ఇస్తారు. సర్పంచ్‌కు గులాబీ రంగు, వార్డు మెంబరుకు తెల్లది. వాటి మీద అభ్యర్థుల పేర్లు ఉండవు, గుర్తులే ఉంటాయి. ఒకదాని మీద ఉంగరం, కత్తెర లాంటివి, ఇంకోదాని మీద గౌను, గ్యాస్ పొయ్యి లాంటివి. అడుగున నోటా. ఊళ్లో ప్రచారం చేసేవాళ్లు ‘మనది ఉంగరం, మనది గౌను’ అని రెండూ కలిపి చెప్తారు. ముసలావిడ కంపార్ట్‌మెంట్‌లోకి వెళ్లి ‘రెండు ముద్రలు వెయ్యాలి’ అన్నది గుర్తుపెట్టుకుని, గులాబీ కాగితం మీదే ఇద్దరికి రెండు ముద్రలు వేస్తుంది, తెల్ల కాగితాన్ని ఖాళీగా మడిచి పెట్టెలో వేస్తుంది. ఒక్క పొరపాటుతో రెండు ఓట్లూ పోతాయి. మొదటిది ఇద్దరికి వేసినందుకు, రెండోది ఎవరికీ వెయ్యనందుకు. చెల్లని ఓట్ల కట్ట విప్పి చూస్తే ఈ రకమే ఎక్కువ కనిపిస్తుంది.

దీన్ని పోలింగ్ బల్ల దగ్గరే ఆపొచ్చు. కాగితాలు చేతికిచ్చే ఓపీఓ (అదర్ పోలింగ్ ఆఫీసరు) ప్రతి ఒక్కరికీ ఒకే మాట, ఒకే తీరుగా చెప్పాలి: ‘గులాబీ మీద ఒక్క ముద్ర, తెల్లదాని మీద ఒక్క ముద్ర, రెండూ మడిచి ఈ పెట్టెలోనే.’ చదువురానివాళ్లకు చెప్పి, చదువుకున్నవాళ్లకు వదిలెయ్యకండి. చెప్పేటప్పుడు వేలు ఏ గుర్తు మీదికీ వెళ్లకూడదు. కాగితం మడిచే ఉంచి చెప్పండి. మీ వేలు ఉంగరం దగ్గర కనిపించిందంటే చాలు, కత్తెర ఏజెంటు అక్కడే నిలదీస్తాడు, అతను అడగడం న్యాయమే.

మడత పెట్టడంలోనూ ఓ పద్ధతి ఉంది. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచి, విప్పి ఓటరుకు ఇవ్వాలి. ఓటరు ఓటేశాక ఆ గీతల మీదే మడుస్తాడు. గుర్తులు ఒకదాని కింద ఒకటి ఉన్న కాగితంలో నిలువు మడత ముందు పడితే, తడి ఇంకు అదే గడిలో పక్కకు అంటుతుంది. అడ్డం మడత ముందు పడితే పై గుర్తు ఇంకు కింది గుర్తు మీద అంటుతుంది. సాయంత్రం అది రెండు ముద్రల కాగితంలా కనిపిస్తుంది. ఇంకు ప్యాడ్ మీద కూడా ఓ కన్నుండాలి. పొద్దున కారేంత తడిగా ఉంటుంది, పదకొండింటికి ఎండిపోతుంది. గంటకోసారి కంపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేనప్పుడు వెళ్లి, ప్యాడ్‌ను, ముద్రను చూసి రండి. ఎవరైనా కాగితం లోపలే వదిలేశారేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

వేలిముద్ర వేసేవాళ్ల సంగతి మరీ ముఖ్యం. కౌంటర్‌ఫాయిల్ మీద బొటనవేలి ముద్ర తీసుకుని, ఆ వేలికి ఇంకు అలాగే ఉండగా చేతికి బ్యాలెట్ ఇస్తే కాగితం మీద వేలిముద్ర పడుతుంది. ఓటరును గుర్తుపట్టే ఆనవాలు ఉన్న కాగితం చెల్లదని నిబంధన. కావాలని వేసిన ముద్రా, పొరపాటున అంటిన మరకా అని రాత్రి పది గంటలకు కొట్లాడుకోవడం కన్నా, పక్కనే తడిగుడ్డ పెట్టి వేలు తుడిపించడం తేలిక. సామానుతో పాటు గుడ్డముక్క ఇచ్చేది ఇందుకే. బల్ల తుడిచి దాన్ని పారెయ్యకండి.

ఇక ప్రిసైడింగ్ ఆఫీసరు వైపు నుంచి జరిగే తప్పు. కాగితం వెనక డిస్టింగ్విషింగ్ మార్క్ సీలు, సంతకం ఉండాలి. తొమ్మిదింటికి క్యూ పెరిగినప్పుడు వరుసగా పది కాగితాలు సంతకం లేకుండా వెళ్లిపోతాయి. ఇది సిబ్బంది పొరపాటు వల్లే జరిగిందని రిటర్నింగ్ ఆఫీసరుకు (ఆర్వో) నమ్మకం కుదిరితే ఆ ఒక్క కారణంతో కాగితాన్ని కొట్టెయ్యకూడదు. కానీ నమ్మకం కుదరాలంటే లెక్క సరిపోవాలి. బ్యాలెట్ పుస్తకంలో సీరియల్ నంబర్లు, కౌంటర్‌ఫాయిళ్లు, పెట్టెలో కాగితాలు మూడూ కలిసినప్పుడే సంతకం లేని కాగితాన్ని మన కేంద్రంలో ఇచ్చినదే అని చెప్పగలం. లెక్క కలవనప్పుడు అదే కాగితం బయటి నుంచి వచ్చిందేమో అన్న అనుమానానికి జవాబు ఉండదు.

ఈ లెక్క ఎలా కాపాడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది నేను కల్పించిన లెక్కే, ఫలానా వార్డుది కాదు. ఒక వార్డుకు 150 తెల్ల బ్యాలెట్లు వచ్చాయి. పుస్తకంలోంచి 128 చింపారు, 22 మిగిలాయి. ఇద్దరు ఓటర్లు ముద్ర తప్పు పడిందని పెట్టెలో వెయ్యకముందే తిరిగి తెచ్చారు. వాళ్లకు వేరేవి ఇచ్చి, పాడైనవాటిని రద్దు చేసి కవర్లో పెట్టారు. ఒక కాగితం కంపార్ట్‌మెంట్‌లో నేల మీద దొరికింది, దాన్నీ రద్దు చేశారు. అంటే పెట్టెలో 125 ఉండాలి. విప్పితే 124 ఉన్నాయి. గులాబీ కాగితాలు సరిగ్గా సరిపోయాయి, తెల్లది ఒకటి తక్కువ. లెక్కిస్తే ఒకరికి 61, ఇంకొకరికి 60, నోటాకు 1, చెల్లనివి 2.

ఒక్క ఓటు తేడా, ఒక్క కాగితం మాయం. ఓడిన అభ్యర్థి ఆ ఒక్క కాగితం ఎక్కడని అడుగుతాడు. ఎవరైనా అడుగుతారు. ఉదయం 10.40కి ఒక ఓటరు గులాబీ ఒక్కటే వేసి తెల్లదాన్ని జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడని, పిలిచినా రాలేదని, ఏజెంట్లు చూశారని డైరీలో రాసి ఉంటే మీరు ఆ పేజీ తెరిచి చూపిస్తారు. అరుపులు ఆగకపోవచ్చు, కానీ జవాబు ఉంటుంది. రాత్రి గుర్తుచేసుకుని రాసిన వాక్యానికి ఆ బలం రాదు. జరిగిన నిమిషమే రాయాలి.

ఇందులోనే ఇంకో మెలకువ ఉంది. ఓటరు తిరిగి తెచ్చిన పాడైన బ్యాలెట్లూ, పెట్టెలోంచి తీశాక తిరస్కరించిన ఓట్లూ వేర్వేరు ఖాతాలు. పాడైనది పెట్టెలోకి వెళ్లనే లేదు. ఈ రెంటినీ కలిపి ‘చెల్లనివి 4’ అని ఫారంలో రాసేవాళ్లున్నారు. దాంతో పెట్టె లెక్క రెండు ఓట్లు తేడా వస్తుంది. తేడా ఒక్క ఓటైన వార్డులో రెండు ఓట్ల లెక్క తప్పితే మీ మీద కేసు నిలబడటానికి అదొక్కటే చాలు. టెండర్డ్ బ్యాలెట్లు కూడా అంతే. తన ఓటు అప్పటికే ఎవరో వేసేశారని వచ్చిన అసలు ఓటరుకు ఇచ్చేవి పెట్టెలో వెయ్యరు, కవర్లో పెడతారు, ఆ రోజు లెక్కించరు.

కౌంటింగ్‌లో కట్టలు 25 చొప్పున కడతారు. వార్డు కాగితాలు ముందు, సర్పంచ్‌వి తర్వాత. అసిస్టెంట్లుగా కూర్చున్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, చెల్లుతుందో లేదో చెప్పడం మీ పని కాదు. మీకు ఎంత స్పష్టంగా కనిపించినా సరే. అనుమానం ఉన్న ప్రతిదాన్నీ వేరే ట్రేలో పెట్టి ఆర్వోకు పంపండి. బల్ల దగ్గర ‘ఇది చెల్లదు’ అని ఒక అసిస్టెంటు అన్న మాటను ఏజెంటు పట్టుకుంటాడు, తర్వాత ఆర్వో చెల్లుతుందన్నా గొడవే.

ఆర్వోగా కూర్చున్నవాళ్లకు ఎదురయ్యే కాగితాలు ఎక్కువగా కొన్ని రకాలే. ఒకే గడిలో రెండు ముద్రలు ఉంటే చెల్లుతుంది, ఓటు ఎవరికో స్పష్టంగా ఉంది కదా. ముద్ర మసకగా ఉన్నా, గుర్తు మీద కాకుండా ఆ గడిలో ఖాళీచోట పడినా చెల్లుతుంది. ముద్ర కొంత గడిలో, కొంత గడుల మధ్య ఉన్న షేడ్ పట్టీ మీద పడితే గడిలో భాగం ఎవరిదో వాళ్లకే. మొత్తం షేడ్ మీదే ఉంటే, కాగితం వెనకవైపే ఉంటే చెల్లదు. రెండు గడుల్లో విడివిడి ముద్రలుంటే చెల్లదు. పెన్నుతో టిక్కు పెట్టినా, వేలిముద్రతో ఓటేసినా చెల్లదు. నోటా గడిలో ముద్ర ఉన్నది చెల్లని ఓటు కాదు, నోటా ఓటు. దాన్ని తిరస్కరించినవాటి కట్టలో కలపకండి.

అన్నిటికన్నా ఎక్కువగా మోసగించేది మడత మచ్చ. రెండు గడుల్లో రెండు ముద్రలు కనిపిస్తాయి, ఒకటి ముదురు, ఒకటి లేత. లేతదాన్ని కళ్లకు దగ్గరగా పెట్టి చూడండి. స్వస్తిక్ ముద్రలో బాణాలు ఒకే దిశలో తిరిగి ఉంటాయి. అంటుకున్న మచ్చలో అద్దంలో చూసినట్టు ఎదురు దిశలో తిరుగుతాయి. ఓటరు వేసిన రెండో ముద్ర అయితే రెండూ ఒకే దిశలో ఉంటాయి. ఇంకా అనుమానం ఉంటే అదే గీతల మీద కాగితం మడిచి చూడండి, మచ్చ ముద్ర మీద సరిగ్గా కూర్చుంటే అది మడత పనే. ఏజెంట్లకు చూపిస్తూ మడవండి. కాగితం మాత్రం మీ చేతిలోంచి పోకూడదు. ఏజెంటుకు చూసే హక్కు ఉంది, ముట్టుకునే హక్కు లేదు. ఈ పరీక్ష చెయ్యకుండా ‘రెండు ముద్రలు’ అని కొట్టేసిన కాగితాలు రీకౌంటింగ్‌లో బయటపడితే ఫలితం తారుమారవుతుంది, మీ పేరూ పోతుంది.

తిరస్కరించిన ప్రతి కాగితం మీదా తిరస్కరించినట్టు, ఏ కారణంతోనో క్లుప్తంగా రాసి, పొట్టి సంతకం పెట్టాలి. కొందరు కట్ట మొత్తానికి పైన ఒక చీటీ పెట్టి సరిపెడతారు. అది చాలదు. ఇంకో మాట. ఒకే రకమైన కాగితాలను వరుసగా పెట్టుకుని తేల్చండి. షేడ్ మీద పడినవన్నీ ఒకసారి, మడత మచ్చలన్నీ ఒకసారి. అప్పుడు ఏడో కాగితానికి చెప్పిన తీర్పు మొదటి కాగితానికి చెప్పినదానితో సరిపోతుంది. విడివిడిగా గంట తేడాతో చూస్తే అలసటలో కొలత మారిపోతుంది.

కౌంటింగ్ బల్ల మీద మీ పెన్ను ఎక్కడుందన్నది కూడా పెద్ద విషయమే. 2024 జనవరి 30న చండీగఢ్ మేయర్ ఎన్నికలో ఓటేసింది 36 మంది. ప్రిసైడింగ్ ఆఫీసరు అనిల్ మసీహ్ ఎనిమిది ఓట్లు చెల్లవని ప్రకటించారు. దాంతో మనోజ్ సోన్కర్‌కు 16, కుల్దీప్ కుమార్‌కు 12గా ఫలితం ఇచ్చారు. ఆ ఎనిమిదీ కుల్దీప్ కుమార్‌కు పడ్డవే. కాగితాల మీద ఆఫీసరే పెన్నుతో గీతలు పెట్టడం కెమెరాలో రికార్డయింది. సుప్రీంకోర్టు ఆ బ్యాలెట్లను తెప్పించుకుని, న్యాయమూర్తులు స్వయంగా కళ్లతో చూసి, ఫిబ్రవరి 20న ఆ ఎనిమిది ఓట్లు చెల్లుతాయని, 20 ఓట్లతో కుల్దీప్ కుమారే గెలిచారని తీర్పిచ్చింది. ఆ ఆఫీసరు మీద చర్యకు ఆదేశించింది. మనలో ఎవరూ అలాంటి పని చెయ్యరని నాకు నమ్మకముంది. అయినా అక్కడి నుంచి పనికొచ్చేది ఉంది. కాగితం చెల్లదని తేల్చి, ఏజెంట్లకు చూపించిన తర్వాతే దాని మీద పెన్ను పెట్టండి. అంతదాకా పెన్ను క్యాప్ పెట్టి పక్కనుంచండి. వీడియో తీసేవాళ్లు ఉంటే బల్ల పూర్తిగా కనిపించేలా నిలబడమనండి. ఆ వీడియో మీకు సాక్ష్యం.

ఒత్తిడి ఎలా వస్తుందో అనుభవం ఉన్నవాళ్లకు తెలుసు. నేరుగా బెదిరించేవాళ్లు తక్కువ. ‘సార్, ఊళ్లో శాంతి ముఖ్యం, ఈ రెండూ వదిలెయ్యండి’ అని మెత్తగా చెప్పేవాళ్లు ఎక్కువ. రేపు అదే ఊళ్లో మీరు పిల్లలకు పాఠం చెప్పాలి, లేదా అదే సర్పంచ్‌తో కలిసి పనిచెయ్యాలి. ఆ భయం నిజమైనదే, దాన్ని తేలిక చెయ్యను. దానికి ఉన్న మందు ఒక్కటే, నోటి మాటకు నోటితో జవాబు చెప్పకపోవడం. ‘రాసివ్వండి, రాసి జవాబిస్తాను’ అన్న మాట రోజంతా చెప్పినా తప్పులేదు. రాసివ్వమంటే పది మందిలో తొమ్మిది మంది వెనక్కి తగ్గుతారు.

రీకౌంటింగ్ కూడా రాతపూర్వకంగానే. టోటల్స్ చదివాక, ఫలితం ప్రకటించి సంతకం పెట్టకముందు కాస్త ఆగాలి. అభ్యర్థి గానీ ఏజెంటు గానీ కారణాలు రాసి దరఖాస్తు ఇస్తే, మొత్తం లెక్కించాలా, కొంత లెక్కించాలా, తిరస్కరించాలా అన్నది ఆర్వో కారణాలతో రాసి చెప్పాలి. ఒక్క ఓటు తేడా ఉన్నప్పుడు అడిగితే ఒప్పుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అరగంట పోతుంది, కానీ ఊరు నమ్ముతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఏమిటంటే, అలసిపోయి టోటల్స్‌తో పాటే ‘ఫలానావారు గెలిచారు’ అని మైకులో చెప్పేయడం. బయట పటాకులు పేలాక రీకౌంటింగ్ దరఖాస్తు తీసుకోవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ప్రకటించాక మీ చేతిలో ఏమీ ఉండదు, ఇక ఎన్నికల ట్రిబ్యునలే.

సమానంగా వస్తే లాటరీ. ఒకే కాగితం నుంచి ఒకే కొలతలో చించిన చీటీలు, ఒకే పెన్ను, ఒకే మడత. రాసినవి మడవకముందు ఇద్దరు అభ్యర్థులకూ చూపించాలి. ఖాళీ డబ్బా తిప్పి చూపించాలి. ఎవరు తీస్తారో ముందే చెప్పి ఒప్పించాలి. తీసిన తర్వాత మిగిలిన చీటీని కూడా విప్పి చూపించండి, రెండింటి మీదా ఒకే పేరుందన్న పుకారు అక్కడే చచ్చిపోతుంది. లాటరీలో వచ్చినవారికి ఒక ఓటు కలిసినట్టు లెక్క. అదంతా ప్రొసీడింగ్స్‌లో రాసి సంతకాలు తీసుకోండి.

మన ఓట్ల గురించి ఓ మాట. ఈవీఎం ఎన్నికల్లో ఇంకా కాగితం మీద పడేది పోస్టల్ బ్యాలెట్టే, వేసేది మనమే. ఫారం 13ఏ డిక్లరేషన్‌లో సంతకం మర్చిపోవడం, అటెస్టేషన్ లేకపోవడం, డిక్లరేషన్‌ను బ్యాలెట్ ఉన్న లోపలి కవర్లో పెట్టి అంటించేయడం, సీరియల్ నంబరు తప్పు రాయడం, వీటివల్లే ఎక్కువ పోతాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అటెస్ట్ చేసిన అధికారి సంతకం ఉండి సీలు లేకపోతే చెల్లుతుందా అన్న వివాదం కౌంటింగ్ ముందు రోజు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విజయవాడ సెంట్రల్‌లో 2019లో తేలిన తేడా 25 ఓట్లు. ఒక్క మండలంలోని టీచర్లే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్ల కన్నా గెలుపు తేడా తక్కువైతే వాటన్నిటినీ ఫలితానికి ముందు మళ్లీ పరిశీలించాలని ఎన్నికల సంఘం ఆదేశాలున్నాయి. మీ ఓటు ఆ దశ దాకా రాకుండా ఫెసిలిటేషన్ సెంటర్లోనే రెండోసారి చదువుకుని కవరు అంటించండి.

రాత్రి ఆఖరి పని కవర్లు. చెల్లిన ఓట్లు, తిరస్కరించినవి, పాడైనవి, వాడనివి, కౌంటర్‌ఫాయిళ్లు, మార్క్‌డ్ కాపీ, వేటి కవరు వాటికే. ఇంటికెళ్లే తొందరలో రెండు కలిపి ఒక దాంట్లో కుక్కడం ఇక్కడే జరుగుతుంది. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో ధర్మపురిలో 441 ఓట్ల తేడాతో ఫలితం వచ్చింది, ఓడిన అభ్యర్థి హైకోర్టుకు వెళ్లారు. నాలుగేళ్లు దాటాక, 2023 ఏప్రిల్‌లో రికార్డులు తియ్యాలంటే స్ట్రాంగ్‌రూమ్ తాళంచెవులు దొరకలేదు. చివరికి తాళం పగలగొట్టాల్సి వచ్చింది. విచారణలో అప్పటి అధికారులు, ఉద్యోగులు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికి మీరు బదిలీ అయి ఉండొచ్చు, రిటైరై ఉండొచ్చు. కాబట్టి రిసెప్షన్ సెంటర్లో ఏ కవరు ఎన్నింటికి ఎవరికి అప్పగించారో ఒక్కో వరుసగా రాయించుకుని, తీసుకున్నవారి సంతకం, హోదా స్పష్టంగా ఉన్న రసీదు చేతికొచ్చాకే అక్కడి నుంచి కదలండి. బ్యాలెట్ అకౌంట్ నకలు, మీరు రాసిన డైరీ పేజీల నకలు, రీకౌంటింగ్ దరఖాస్తు వస్తే దానికి మీరిచ్చిన జవాబు నకలు, ఈ రసీదుతో కలిపి ఇంట్లో ఒకే ఫైల్లో పెట్టి, దాని మీద పంచాయతీ పేరు, వార్డు నంబరు, తేదీ రాసి ఉంచుకోండి.